మూర్ఛ రాకముందు ఆ కొద్ది క్షణాలు

ఈ మాసం మా తప్పొకటి మీ ముందు ఒప్పుకొని తరువాత సంగతులలోనికి వెళ్తాము. మా వేదాంత డిప్లొమాలో గ్రీకు అక్షరాలు నేర్పారు గాని, ఒక మనిషి కళ్ళెదుట కొట్టుకుంటూ పడిపోతే ఏమి చేయాలో నేర్పలేదు. అది మేము ఆలస్యంగా నేర్చుకున్నాము. ఆ ఆలస్యానికి వెల చెల్లించినది మేము కాదు, ఒక అమ్మాయి.

బీచుపల్లి మీలో చాలామందికి బస్సు కిటికీలో నుండి తెలిసిన ఊరే. కర్నూలు నుండి హైదరాబాదు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి కృష్ణానదిని దాటేది ఇక్కడే. ఒడ్డున ఆంజనేయస్వామి గుడి ఉన్నది. 2016 కృష్ణా పుష్కరాలలో ఇక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ చుట్టుపక్కల మా సంఘానికి చెందిన ఒక కుటుంబం ఉన్నది. తండ్రి హైదరాబాదు బస్సులో కండక్టరు. పెద్దమ్మాయికి పదకొండో యేట నుండి మూర్ఛ. ఆమె అనుమతితో, వాళ్ళ అమ్మ అనుమతితో వ్రాస్తున్నాము. పేర్లు వ్రాయము.

మూడేండ్ల క్రితం ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఆ తల్లి మాత్రల కవరు తెచ్చి వేదిక ముందున్న బల్ల మీద పెట్టింది. "అయ్యగారూ, ఇగ ఈ గోలీలు మాకొద్దు. దేవుడే చూసుకుంటడు" అన్నది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మేము మాత్రలు మానుమని చెప్పలేదు. తిరిగి తీసుకువెళ్ళుమని కూడా చెప్పలేదు. గట్టిగా "ఆమేన్" అన్నాము. నిజం చెప్పాలంటే ఆ రోజు మా మనసులో ఒకింత అతిశయం కూడా ఉండెను. ఆ కవరు మా బీరువాలో పంతొమ్మిది రోజులు ఉన్నది.

ఇరవయ్యో రోజు సాయంత్రం ఆ పిల్ల కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఉండగా ఫిట్స్ వచ్చింది. కుడిచెయ్యి నిప్పులో పడింది. తెలివి రాకముందే మరొకసారి, ఆటోలో ఇంకొకసారి వచ్చింది. కర్నూలు పెద్దాసుపత్రికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అక్కడి డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "మాత్రలు ఎవరు ఆపమన్నారు?" ఆ తల్లి తల వంచుకుని, "మేమే ఆపినం సారూ" అన్నది. ఆమె మా వైపు చూడలేదు. చూసి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేదేమో.

మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా మానివేస్తే, అంతవరకు వాటి వల్ల అణగి ఉన్న ఫిట్స్ ఒకదాని వెంట ఒకటిగా రావచ్చు. మధ్యలో తెలివి రాకుండా అవి కొనసాగితే ప్రాణానికే ముప్పు. డాక్టరుగారు మమ్మును బెంచీ మీద కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పారు. ఆయన గొంతు పెంచలేదు.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో మాకు మత్తయి పదిహేడవ అధ్యాయం జ్ఞాపకమొచ్చింది. అక్కడ ఒక తండ్రి తన కుమారుణ్ణి తెచ్చి, వాడు నిప్పులోను నీళ్ళలోను పడుతున్నాడని చెప్పుకుంటాడు. మన తెలుగు బైబిలులో ఆ పిల్లవానికి వాడిన మాట చాంద్రరోగి. చంద్రుని వల్ల వచ్చే జబ్బని ఆ కాలం వారు అనుకునేవారు. ఇరవై యేండ్లుగా ఆ భాగం మీద ప్రసంగిస్తున్నాము. అయితే నిప్పూ నీళ్ళూ అనే ఆ రెండు మాటలు ఎంత అక్షరాలా నిజమో ఆ పిల్ల చెయ్యి చూచేవరకు మాకు తట్టలేదు. నేటికీ మూర్ఛ ఉన్నవారికి పొయ్యి, బావి, చెరువు, నది ఇవే పెద్ద ప్రమాదాలు. మార్కు సువార్తలో మరొక వివరం ఉన్నది. ప్రభువు ఆ తండ్రిని, ఇది ఎంతకాలం నుండి ఉన్నదని అడుగుతాడు. ఏ డాక్టరైనా ముందు అడిగేది అదే. ఆ పిల్లవానిని మాత్రం, నీకు విశ్వాసమున్నదా అని ఎవరూ అడగలేదు.

కాలిన చెయ్యి మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ రోజులలో మేము వారింటికి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి మాకొక సంగతి చెప్పింది. ఈ నెల వ్యాసం పుట్టింది అందులో నుండే.

"ఫిట్స్ వచ్చే ముందు కడుపులకెల్లి ఏదో పైకి లేసినట్టయితది అయ్యగారూ. ఏదో మాడిన వాసనొస్తది. ఇంట్ల ఎవ్వరికీ రాదు, నాకే వస్తది. అప్పుడు నేను బస్సు ఊర్లు జెప్పుకుంట. పెబ్బేరు, కొత్తకోట, అడ్డాకుల, భూత్పూరు, జడ్చర్ల... ఒక్కోసారి జడ్చర్ల రాకముందే పోతది. ఒక్కోసారి కొత్తకోట కాడనే నాకు తెల్వకుంట అయితది."

చిన్నప్పుడు తండ్రి బస్సులో వెళ్తూ నేర్చుకున్న వరుస అది. ఎవరూ చెప్పమనలేదు. తనకు తానే కనిపెట్టుకున్నది. ఇది నిజమా, పిల్ల భ్రమా అని మాకు సందేహం వచ్చింది. తరువాతి చెకప్‌లో నరాల డాక్టరుగారిని అడిగాము. ఆయన నవ్వలేదు, కొట్టివేయలేదు. ఇటువంటివి చెప్పే రోగులు కొందరు ఉంటారనీ, వైద్యగ్రంథాలలో పాతకాలం నుండి ఉన్న సంగతేననీ చెప్పారు. తరువాత మేము చదివి తెలుసుకున్నది, మా బుర్రకు ఎక్కినంతవరకు, ఇక్కడ వ్రాస్తున్నాము.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. అవి సన్నని విద్యుత్ సంకేతాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మామూలుగా సంతలో జనంలాగా ఎవరి మాట వారిది. మూర్ఛలో ఒకచోట కణాలన్నీ ఒక్క గొంతుతో కేకలు పెట్టడం మొదలుపెడతాయి. కొందరిలో అది మొదటి నుండే మెదడంతా ఉంటుంది. మరికొందరిలో ఒక మూల పుట్టి పక్కకు పాకుతుంది. ఆ మూలలో ఉన్నంతసేపు మనిషికి తెలివి ఉంటుంది. కడుపులో లేచినట్లు, లేని వాసన వచ్చినట్లు, ఎన్నడో చూచిన చోటే మళ్ళీ చూస్తున్నట్లు అనిపిస్తుంది. వైద్యులు దీనిని ‘ఆరా’ అంటారు. మన తెలుగులో ఆరా తీయడమంటే విచారించడం కదా. రెండు మాటలకూ సంబంధం లేకపోయినా, రోగిని ఆరా తీస్తేనే ఈ ఆరా బయటపడుతుంది. ఇది మూర్ఛకు ముందు వచ్చే సూచన అని మనమనుకుంటాము గాని, నిజానికి అదే చిన్న మూర్ఛ. ఇంకా పెద్దది కాలేదు, అంతే.

ఆ కొద్ది క్షణాలలో దానిని ఆపడం సాధ్యమా? 1881లో అచ్చయిన తన గ్రంథంలో విలియం గవర్స్ అనే ఆంగ్ల వైద్యుడు, చేతిలో తిమ్మిరిగా మొదలయ్యే మూర్ఛను ఆ చెయ్యి పైన గట్టిగా కట్టు కట్టి కొందరు ఆపుకోగలుగుతున్నారని వ్రాశాడు. ఇంతకంటే వింతయైనది రాబర్ట్ ఎఫ్రన్ అనే వైద్యుడు 1956, 1957 సంవత్సరాలలో ‘బ్రెయిన్’ అనే వైద్యపత్రికలో ప్రకటించిన ఒక గాయని వృత్తాంతం. ఆమెకు మూర్ఛ లేని వాసనతో మొదలయ్యేది. ఆ మొదటి ఘడియలోనే ఘాటైన వాసన ఏదైనా చూపిస్తే మూర్ఛ ఆగిపోతున్నదని ఎఫ్రన్ గమనించాడు. తరువాత మల్లెపూల సుగంధం చూపిస్తూ, అదే సమయంలో ఆమె చేతి కంకణం వైపు చూడుమన్నాడు. అలాగు మళ్ళీ మళ్ళీ చేయించగా, కొన్నాళ్ళకు సుగంధం లేకుండా ఆ కంకణం చూస్తేనే మూర్ఛ ఆగింది. ఇంకా కొన్నాళ్ళకు చూడనక్కరలేదు, దానిని మనసులో తలచుకుంటే చాలునన్నట్లయింది.

వాసన ముక్కులోనికి పోయేది. కంకణం తలంపు అలాంటిది కాదు, కేవలం మనసులోనిది. ఒక తలంపు మెదడులోని విద్యుత్ అలజడిని ఆపిందంటే మాకు ఒళ్ళు జలదరించింది. మన బస్సు ఊళ్ళ అమ్మాయి చేస్తున్నది కూడా ఈ జాతి పనే.

వైద్యులు దీనికి చెప్పే వివరణ మేము రైతుభాషలో చెబుతాము. ఎండకాలంలో ఒక చేనులో కొయ్యకాళ్ళకు నిప్పు పెడితే అది ఎండిన పక్క చేనుకు పాకుతుంది. పక్క చేను తడిగా ఉంటే గట్టు దగ్గరే ఆగుతుంది. అలజడి పుట్టిన మూలకు పక్కనున్న కణాలు ఊరకే ఉంటే సులభంగా ఆ కేకలో కలిసిపోతాయి. లెక్కపెట్టడంలోనో, పేర్లు వరుసగా తలచుకోవడంలోనో, ఒక వాసనను గుర్తుపట్టడంలోనో అవి తమ పనిలో తాముంటే అంత సులభంగా లొంగవు. అయితే గాలి గట్టిగా వీస్తే తడి చేను కూడా ఆపలేదు. కొత్తకోట దగ్గరే తెలివి తప్పిన రోజులు అవి.

మనసులోని పని మెదడు తరంగాలను మారుస్తుందన్నది ఊహ కాదు. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారిగా మనిషి మెదడు తరంగాలను యంత్రంతో నమోదు చేశాడు. కళ్ళు మూసుకుని విశ్రాంతిగా ఉన్నప్పుడు కనబడే నిదానమైన అల, ఒక లెక్క చేయుమనగానే చెదిరిపోవడం ఆయనే చూశాడు. మూర్ఛరోగుల విషయానికి వస్తే, 1997లో పారిసులో మిషెల్ ల వాన్ కుయెన్, ఫ్రాన్సిస్కో వరేలా మొదలైనవారు ఒక రోగి మెదడులో ఫిట్స్‌కు ఫిట్స్‌కు మధ్య పుట్టే చిన్న చిన్న విద్యుత్ మెరుపులను పరిశీలించారు. ఆ రోగి చేస్తున్న మానసిక పనిని బట్టి ఆ మెరుపుల మధ్య ఎడం మారుతున్నదని ప్రకటించారు. అమెరికాలో బారీ స్టెర్మన్ ముందు పిల్లులకు, 1972 నాటికి మూర్ఛ ఉన్న మనిషికి కూడా తమ మెదడు తరంగాన్ని తామే అదుపు చేసుకోవడం నేర్పి, ఫిట్స్ తగ్గినట్లు చూపించాడు. (పిల్లులకు అంత ఓపిక ఉంటుందని మేము అనుకోలేదు.) ఇవన్నీ కొద్దిమంది మీద జరిగిన పనులు. అందుకే వైద్యులు వీటిని మాత్రలకు తోడుగానే చెబుతారు, మాత్రలకు బదులుగా కాదు.

ఇదే కత్తికి రెండో వైపు పదును కూడా ఉన్నది. మనసు పని కొందరిలో మూర్ఛను పుట్టిస్తుంది. లెక్కలు చేస్తేనో, చదరంగం ఆడితేనో, పుస్తకం చదువుతూ ఉంటేనో మూర్ఛ వచ్చేవారు అరుదుగా ఉన్నారు. 1937లో క్రిచ్లీ అనే వైద్యుడు సంగీతం వింటే వచ్చే మూర్ఛను గురించి వ్రాశాడు. మన దక్షిణదేశంలో, విశేషంగా కర్ణాటకలో, తల మీద చెంబుతో వేడినీళ్ళు పోసుకుంటే వచ్చే మూర్ఛ ఉన్నది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో డాక్టర్ సతీశ్‌చంద్ర మొదలైనవారు దానిని చాలాకాలం పరిశీలించారు. నీళ్ళ వేడి తగ్గించుకుంటేనే చాలామందికి మేలవుతుంది. కర్ణాటక మనకు పొరుగే కనుక, మీ ఇంట్లో ఎవరికైనా తలంటు పోసుకునేటప్పుడే ఫిట్స్ వస్తున్నదని తోస్తే ఆ మాట డాక్టరుతో తప్పక చెప్పండి. కాబట్టి ఒకరికి మేలు చేసిన ఉపాయం మరొకరికి కీడు కావచ్చు. లెక్కపెట్టండి అని వేదిక మీద నుండి అందరికీ చెప్పే మందు కాదిది.

మా కండక్టరు సహోదరుని సంగతి ఇప్పుడు చెప్పాలి. ఈ విషయాలు మేము ఉత్సాహంగా వారింట్లో వివరించాము. ఆయన అంతా విని కూతురి వైపు తిరిగి, "అట్లయితే మనసు గట్టిగ పెట్టుకుంటె ఆగుతది గదా. మరి ఇన్నాళ్ళు ఎందుకు పడుతున్నవే?" అన్నాడు. ఆయనది చెడ్డ మనసు కాదు. బిడ్డ బాగుపడాలన్న ఆత్రం. ఆ పిల్ల ముఖం మాత్రం మాడిపోయింది. ఆ క్షణంలో మాకు అర్థమైనది ఏమంటే, ఆ శుక్రవారం మేము చెప్పకుండా చెప్పినది కూడా ఇదే మాట. అప్పుడు విశ్వాసం చాలలేదన్నాము, ఇప్పుడు మనోబలం చాలలేదంటున్నాము. రెండింటిలోనూ తప్పు పడిపోయినవారి మీదికే పోతున్నది.

నిద్రలో వచ్చే ఫిట్స్‌కు ఆరా ఎక్కడిది? మొదటి నుండే మెదడంతా కమ్మే రకానికి ఏ ఊరి పేరు తలచుకునే వ్యవధి ఉన్నది? ఆరా వచ్చేవారిలో కూడా అందరికీ ఇది చేతకాదు, చేతనైన వారికి అన్నిసార్లూ చేతకాదు. డాక్టరుగారు తరువాత ఆ తండ్రికి స్పష్టంగా చెప్పారు: "మాత్రలు రోజూ వేసుకోవాలి. ఊళ్ళ పేర్లు కూడా చెప్పుకోనివ్వండి. ఆ రెండోదాన్ని నమ్ముకుని మొదటిది మానొద్దు. ఆగకపోతే ఆమెను అనొద్దు." సరియైన వైద్యం అందితే మూర్ఛ ఉన్నవారిలో నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మందులకు లొంగనివారిలో కొందరికి శస్త్రచికిత్స కూడా ఉన్నది.

ఆయన ఇంకొక పని కూడా చేయమన్నారు. గోడకున్న క్యాలెండరు మీద ఫిట్స్ వచ్చిన రోజు గుర్తు పెట్టి, ముందురోజు ఏమి జరిగిందో పక్కన వ్రాయమన్నారు. ఆ తల్లి నాలుగు నెలలు శ్రద్ధగా వ్రాసి మాకు చూపించింది. మొత్తం ఏడు గుర్తులు. వాటిలో నాలుగు మా ఆల్‌నైట్ ప్రార్థనల మరుసటి రోజులు! నిద్ర చెడటం మూర్ఛను రేపే కారణాలలో ముఖ్యమైనది. ఉపవాసమని మాత్ర దాటవేయడం మరొకటి. దిగులు, భయం, జ్వరం కూడా ఉన్నవి. మేము ఆ క్యాలెండరు చేతిలో పట్టుకుని కాసేపు మాట్లాడలేకపోయాము. అప్పటి నుండి ఆమెను రాత్రి తొమ్మిదిన్నరకే ఇంటికి పంపుతున్నాము. ఉపవాసమున్నా మాత్రలు వేసుకోవాలని ప్రతి నెలా వేదిక మీద నుండి చెబుతున్నాము. కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు. ఫరవాలేదు.

మరొక మాట. చూడటానికి మూర్ఛలాగే ఉండి, మెదడు తరంగాలలో ఏ మార్పూ లేకుండా వచ్చేవి కూడా ఉన్నవి. లోపల అణచుకున్న బాధ శరీరంలో అలా బయటపడుతుంది. అది నటన కాదు, దయ్యమూ కాదు. దానికి వేరే వైద్యం ఉన్నది. ఏది ఏదో తేల్చవలసినది నరాల డాక్టరు. మన ప్రార్థన కూటాలలో తేల్చబూనడం మంచిది కాదని మా అనుభవం.

మీ ఎదుట ఎవరైనా పడిపోతే వారి చేతిలో తాళపుచెవులు పెట్టవద్దు, చెప్పు వాసనా ఉల్లిగడ్డా చూపవద్దు. గవర్స్ కట్టూ ఎఫ్రన్ మల్లెలూ తెలివి ఉన్న క్షణాలకు సంబంధించినవి. తెలివి తప్పి కొట్టుకుంటున్న మనిషికి ఇనుము ఏమీ చేయదు. చాలాసార్లు ఫిట్స్ రెండు మూడు నిమిషాలలో తనంతట తానే ఆగుతుంది. పొగడ్త మాత్రం తాళపుచెవులకు పోతుంది. పక్కకు ఒత్తిగిలించండి, తల కింద మెత్తనిది పెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్ళు పోయకండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్ళీ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నది. ఇంట్లో గ్యాసు పొయ్యి వచ్చింది. అయినా ఒంటరిగా ఉన్నప్పుడు వంట చేయదు, నదికి ఒంటరిగా పోదు. ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి మాత్ర. గత సంవత్సరంలో మూడుసార్లే ఫిట్స్ వచ్చింది. ఊళ్ళ పేర్లతో ఆగినవెన్నో తాను లెక్కపెట్టలేదట.

ఈ వ్యాసం అచ్చుకు పంపేముందు ఆమెకు చదివి వినిపించాము. కాలిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నది. ఒకేచోట ఆపింది. "నది దాటంగనే రంగాపురం వస్తది అయ్యగారూ, పెబ్బేరు తర్వాత. మీరు రంగాపురం మర్సిపోయిండ్రు" అన్నది.